వింత జీవాలకు మార్కులు

నేను దుబాయి నుంచి కోరుట్లలోని మా ఇంటికి వచ్చిన మూడో రోజున నా బిడ్డ నా ఎదురుగా కూర్చుని, చేతిలోని గేమ్ డబ్బాను నా ముక్కు దాకా తెచ్చి, "డాడీ, ఇది ఎట్లున్నది?" అని అడిగింది. తెర మీద ఒంటె లాంటిదేదో నిలబడి ఉంది. మూపురం ఉండాల్సిన చోట టీ కెటిల్ ఉంది. దాని మూతిలోంచి పొగ వస్తోంది. మంచిగున్నది బిడ్డా, అన్నాను. ఇంకోటి చూపించింది. గబ్బిలం, దానికి గొడుగుబట్ట రెక్కలు. అదీ మంచిగున్నదన్నాను. మూడోది కడుపులో బల్బు వెలుగుతున్న కప్ప. అదీ మంచిగానే ఉందన్నాను. బిడ్డ డబ్బా ఆపేసింది.

"అన్ని మంచిగున్నయంటే నువ్వు ఒక్కటి గూడ సూడలేదన్నట్టు," అని లేచి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. పదేళ్ళ పిల్ల నన్ను పరీక్ష పెట్టి, ఫెయిల్ చేసి, కారణం కూడా చెప్పి పోయింది. పైగా ఆ డబ్బా నేను పంపిందే. క్యాంపులో మా పక్క రూములో ఉండే ఫిలిప్పీన్స్ మనిషి దేశం పోతూ దాన్ని నాకు ఇచ్చి పోయాడు. సెలవు మీద వస్తున్న వెల్గటూర్ ఆయన చేతికిచ్చి, మూడేళ్ళ కిందట ఇంటికి పంపించాను. అందులో ఉండేది ఒకటే ఆట. గడ్డిలో తిరుగుతూ వింత జీవాలను పట్టుకోవాలి, పెంచాలి, కొట్లాటకు దింపాలి. ఆ ఆట ఒక భాగంతో అయిపోదు. కొత్త భాగం వచ్చినప్పుడల్లా ఆ కంపెనీ వాళ్ళు కొత్త జీవాలను వందల కొద్దీ గీసి వదులుతారు. డబ్బాతో పాటు రెండు భాగాల చిప్పులు వచ్చాయి. బొమ్మలాట కదా, నాలుగు రోజులు ఆడి పక్కన పడేస్తుందిలే అనుకున్నాను. ఆమె దాన్ని ఒక ఆఫీసు చేసి కూర్చుంది.

ఆమెకు ఒక పొడుగు నోటుబుక్కు ఉంది. ప్రతి జీవానికీ అందులో అర పేజీ. పైన చేత్తో గీసిన బొమ్మ, పక్కన పదికి ఎన్ని మార్కులో, కింద ఎందుకో. జీవాలను పట్టుకోవడం, గెలవడం ఆమెకు అంత ముఖ్యం కాదు. ఎవరో ఎక్కడో కూర్చుని గీసిన బొమ్మ సరిగ్గా ఉందా లేదా తేల్చడమే ఆమెకు కావాలి. ఈ పని ఎక్కడ నేర్చిందో తెలుసుకోవడానికి నాకు ఎక్కువ సేపు పట్టలేదు. నా భార్య బీడీలు చుడుతుంది. బీడీలు అప్పజెప్పే రోజు బిడ్డ కూడా వెంట కార్ఖానాకు పోతుంది. అక్కడ చెకర్ ఒక్కో కట్ట చేతికి తీసుకుని, రెండు కొసలూ చూసి, వేలితో నొక్కి, నచ్చకపోతే మాట్లాడకుండా పక్కకు విసిరేస్తాడు. నా భార్య ఆ చెకర్‌ను తిట్టుకుంటూ ఇంటికి వచ్చేది. బిడ్డ మాత్రం అతని పని నేర్చుకుని వచ్చింది.

ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. రెండు నెలల సెలవు మీద వచ్చానని చెప్పాను. సెలవు కాదు, ఆ కంపెనీ వదిలేసి వచ్చాను. నెలల తరబడి జీతం ఆగింది, అడిగితే రేపన్నారు, ఆ రేపు రాలేదు. ఎట్లాగో పాస్‌పోర్టు చేతికి తెచ్చుకుని విమానం ఎక్కాను. ఈ రెండు నెలల్లో ఇంకో వీసా చూసుకుని, సెలవు అయిపోయిందని చెప్పి మళ్ళీ బయలుదేరితే ఎవరికీ ఏమీ తెలియదు. అదీ నా ఆలోచన. ఇంట్లో గొడవ లేకుండా ఆ రెండు నెలలు గడవాలి. కానీ నా బిడ్డ ఈ బొమ్మల సంగతి తప్ప నాతో వేరే మాట మాట్లాడదు. అందులో నేను మొదటి రోజే సున్నా తెచ్చుకున్నాను.

మంచిగుంది అనే మాట నా నోటికి ఎట్లా అంటుకుందో చెప్పాలి. తొమ్మిదేళ్ళు అక్కడ ఉన్నాను. తొమ్మిదేళ్ళూ ఫోన్లో అడిగే ప్రశ్నలు అవే. తిన్నవా? తిన్న. నీళ్ళున్నయా? ఉన్నయ్. రూం ఎట్లుంది? మంచిగుంది. మా రూములో పన్నెండు మందిమి. అందరూ ఈ జగిత్యాల, సిరిసిల్ల దిక్కు వాళ్ళమే. రెండేళ్ళ నుంచి నా భార్య తమ్ముడు కూడా అదే కంపెనీలో, అదే రూములో ఉన్నాడు; నేను వదిలేసి వచ్చిన సంగతి ఇంట్లో చెప్పొద్దని అతన్ని ఒప్పించి వచ్చాను. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు ఫోన్లలో పన్నెండు ఇళ్ళకు ఒకటే జవాబు పోయేది. ఎవడైనా నోరు జారి బాగాలేదు అన్నాడా, మిగిలిన పదకొండు మందీ అతని వైపు గుర్రుగా చూసేవాళ్ళు. ఎందుకంటే ఒక ఇంట్లో ఏడుపు మొదలైతే సాయంత్రానికల్లా అది మిగతా ఇళ్ళకు పాకుతుంది, ఆ తర్వాత అందరూ జవాబు చెప్పుకోవాలి. అట్లా ఒకరికొకరం కాపలా కాసుకుంటూ అందరం మంచిగా ఉన్నాం.

బిడ్డ నన్ను పూర్తిగా వదిలేయలేదు. వారం తర్వాత ఇంకో అవకాశం ఇచ్చింది. కోతికీ తొండకూ మధ్య రకం జీవాన్ని చూపించి, కింద ఇంగ్లీషులో రాసింది చదివి అర్థం చెప్పింది. అది పొడుగు చెట్ల మీదే ఉంటుందట, నేలకు దిగనే దిగదట. నోటుబుక్కులో దానికి ఎనిమిది మార్కులు వేసి ఉంది. నాకు నవ్వొచ్చింది. చందుర్తి దగ్గరి మా ఊళ్ళో మా నాన్న తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. నేనూ నడుముకు మోకు కట్టుకుని మూడేళ్ళు ఎక్కాను.

"ఇది చెట్టెక్కది," అన్నాను.

"ఎందుకెక్కది? రాసి ఉన్నది గదా."

"రాసినోడు చెట్టెక్కిండా? దాని పొట్ట సూడు, ముంతలెక్క ముందటికచ్చింది. చెట్టెక్కేటోని పొట్ట చెట్టుకు ఆనొద్దు. మోకాళ్ళు అవుతలికి పోవాలె, అరికాళ్ళు మొద్దును పట్టాలె. గీ కాళ్ళు నేల మీద నడిసేటియి. రెండు బారలు ఎక్కకముందే జారి పడ్తది."

బిడ్డ డబ్బా కింద పెట్టి నన్ను చూసింది. నేను వచ్చిన తర్వాత అంత సేపు నన్ను చూడడం అదే మొదటిసారి. రబ్బరుతో ఎనిమిది చెరిపి మూడు వేసింది. కారణం దగ్గర 'చెట్టెక్కది' అని రాసింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. సంతోషంలో కాస్త పెద్దరికం కూడా వచ్చింది. "రంగులు సూసి మోసపోకు బిడ్డా. ఇది యాడ పంటది, ఏం తింటది, వాన కొడ్తే యాడికి పోతది, గది అడుగు. దానికి జవాబు లేకుంటె మార్కులు కొయ్యి," అని పాఠం చెప్పాను. ఆ మాట కూడా అట్టలోపల రాసుకుంది.

ఆ తర్వాత మా ఇద్దరికీ అదే పని అయింది. చూస్తే చూసినకొద్దీ నాకు కోపం పెరిగింది. మొదటి భాగంలో బొమ్మలు తక్కువ, కానీ గీసినవాళ్ళు ఆలోచించి గీశారు. బురదలో ఉండే దానికి బురదలో నడిచే కాళ్ళు పెట్టారు. రెండో భాగానికి వచ్చేసరికి వాళ్ళకు ఓపిక పోయింది. కనపడిన వస్తువును కనపడిన జంతువుకు అతికించి వదిలారు. కెటిల్ ఒంటె నీళ్ళు ఎక్కడ తాగుతుంది? ఆ కెటిల్‌లోకి ఎవరు పోస్తారు? గొడుగు గబ్బిలం తలకిందులుగా వేలాడితే గొడుగు ఎటు తెరుచుకుంటుంది? ఇంతమంది పిల్లలు కళ్ళు పెట్టి చూసే బొమ్మను ఇంత నిర్లక్ష్యంగా గీస్తారా అని నేను అరుస్తుంటే, పక్కింటి ఆమె వచ్చి మా ఇంట్లో కొట్లాటేమోనని తొంగి చూసి పోయింది. నా భార్య చాట ఒళ్ళో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ, "తండ్రీబిడ్డలకు పిచ్చి లేసింది," అంది.

ఒక్క విషయంలో మాత్రం బిడ్డతో నాకు కుదరలేదు. ఆ జీవాలు పెరిగితే రూపం మారుతాయి. ఎంత మారినా చిన్నప్పటిది పెద్దదానిలో కనపడాలి అనేది ఆమె పట్టు. కనపడకపోతే నాలుగుకు మించి వేయదు. మనుషులే గుర్తుపట్టకుండా మారుతుంటే బొమ్మల దగ్గర ఇంత పట్టింపు ఏమిటని నేను వాదించాను. "మనుషులకు నేను మార్కులేస్తలేను," అంది. ఆ జవాబుకు నాకు చికాకు వచ్చింది.

నెల దాటింది. దుబాయికి పోకుండా ఇక్కడే ఏదైనా దొరుకుతుందేమోనని ఒక రోజు పొద్దున్నే సిరిసిల్ల పోయాను. దుబాయికి ముందు తంగళ్ళపల్లిలో ఉంటూ అక్కడి సాంచాల మీదే, అంటే మరమగ్గాల మీదే, ఆరేళ్ళు బట్ట నేశాను. అప్పట్లో పోగు తెగితే చూడక్కర్లేదు, చప్పుడులో తేడా చెవికి తెలిసేది. తప్పు పట్టే కన్ను, చెవి నాకు ఉండేవి. ఫోన్లో మంచిగుంది, మంచిగుంది అని చెప్పీ చెప్పీ వాటిని నేనే పాడు చేసుకున్నాను. షెడ్డులో సగం సాంచాలు ఆగి ఉన్నాయి. ఆ సాంచాలు నడిపించే పాత ఆసామి నన్ను గుర్తుపట్టి, చాయ్ తాగించి, "ఉన్నోళ్ళకే పని దొరుకతలేదు, నీకేడికెల్లి తేవాలె?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. అయినా తిరుగు బస్సులో అతన్ని తిట్టుకుంటూనే వచ్చాను.

ఇక మిగిలింది జగిత్యాల వీసా ఏజెంటు. డబ్బా బటన్ ఒకటి నొక్కుకుపోయిందని, బాగు చేయించాలని బిడ్డ వెంటపడింది. అందుకని ఆమెను కూడా తీసుకుపోయాను. బాగు చేసే దుకాణం వాడు గంట ఆగమన్నాడు. ఆ గంటలో నా పని చూసుకుందామని ఏజెంటు ఆఫీసు మెట్లు ఎక్కాము. బిడ్డ నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని నా పక్క కుర్చీలో కూర్చుంది. ఏజెంటు మర్యాద గలవాడు, మాట తియ్యగా ఉంటుంది.

"అన్నా, కంపిని మస్తుంటది. ఏసీ రూములు, మెస్సు, రోడ్డు అవుతలనే మార్కెట్. నువ్వే సూడు," అని ఫోన్లో ఫోటోలు తీశాడు. నాలుగు రెండంతస్తుల మంచాలు, నీలం దుప్పట్లు, తెల్లటి గోడ.

నేను చూసి ఫోన్ తిరిగి ఇవ్వబోతుంటే బిడ్డ అందుకుంది. రెండు వేళ్ళతో పెద్దది చేసి, మూలమూలకూ జరిపి చూసింది.

"అంకుల్, గీ రూంల ఎవలన్న ఉంటున్నరా?"

"ఉంటరు బిడ్డా. ఎనిమిది మంది ఉంటరు."

"మరి చెప్పులేవి?"

ఏజెంటు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "గోడకు ఒక్క మొల గూడ లేదు, అంగి యాడ తగిలేస్తరు? దిండు మీద తలకాయ పెట్టిన గుర్తు గూడ లేదు. గిండ్ల ఎవ్వలు పండలేదు," అని నోటుబుక్కు తెరిచి, కొత్త పేజీలో మంచం బొమ్మ గీసి, పక్కన రెండు అని వేసింది. ఆ రెండు ఏజెంటుకు కూడా కనపడింది. అతని నవ్వు పోయింది. "పని మీద వచ్చేటప్పుడు పిల్లలను ఎందుకు తోలుకొస్తవన్నా?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. "చిన్న పిల్ల, ఇడిసిపెట్టు. రూం మంచిగుంది," అని పాస్‌పోర్టు జిరాక్సు అతని బల్ల మీద పెట్టి వచ్చాను. బస్టాండులో బిడ్డను గట్టిగా తిట్టాను. పెద్దవాళ్ళ మధ్య నోరెందుకు, అది ఆట కాదు, అది అన్నం అని అరిచాను. పక్కన నిలబడినవాళ్ళు మా వైపు తిరిగారు. ఆమె ఏడవలేదు. "యాడ పంటది అని అడగాలె అని నువ్వే చెప్పినవ్ గదా," అంది. బాగు చేయించి తెచ్చిన డబ్బాను చంకలో పెట్టుకుని కోరుట్ల బస్సెక్కింది.

బస్సులో నా కోపం దిగలేదు. అది బిడ్డ మీద కోపం కాదని సగం దారి దాటే లోపలే తెలిసింది. ఆ ఫోటోలో మొల లేదని ఆమె కంటే ముందే నేను చూశాను. మనిషి ఉన్న రూము ఎట్లా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు? చూసి కూడా మంచిగుంది అన్నాను. చెట్టెక్కని జీవానికి మార్కులు కోసిన నాకు, నేను పడుకోబోయే మంచం దగ్గరికి వచ్చేసరికి నోరు పడిపోయింది. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికి రాగానే బిడ్డ చెప్పులు విడుస్తూనే అంది, "అమ్మా, డాడీ కొత్తగ పోయే రూంకు రెండు మార్కులేసిన."

నా భార్య చేతిలో బీడీ సగం చుట్టి ఉంది. "కొత్తగ పోయే రూం ఏంది? ఉన్న కంపిని ఉండంగ కొత్త రూం ఎందుకు?"

ఏదో ఒకటి చెప్పబోయాను. బిడ్డ నన్నే చూస్తోంది. ఆ ముఖం ముందు అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. కంపెనీ వదిలేశానని చెప్పాను. జీతం ఆగిందని చెప్పాను. మొదలు పెట్టాక ఆగలేదు, తొమ్మిదేళ్ళ సంగతీ చెప్పాను. నీళ్ళ సంగతి, ఎండలో పని, జ్వరం వచ్చినా డ్యూటీకి పోవడం, అన్నీ. నా భార్య దగ్గరికి వచ్చి ఓదారుస్తుందని లోపల ఎక్కడో అనుకున్నాను. ఆమె చాట పక్కకు నెట్టి లేచి నిలబడింది.

"గంత ఆగమున్న కాడికి మా తమ్ముణ్ణి ఎందుకు రానిచ్చినవ్?"

"నేను రమ్మన్ననా? వాడే..."

"నేనడిగిన నిన్ను. వాడు వస్తనంటుండు, కంపిని ఎట్లుంటది అని ఫోన్ల అడిగిన. ఏమన్నవ్?"

ఏమన్నానో నాకు గుర్తుంది.

"నీ మాట మీదనే మా అమ్మ వాన్ని తోలింది," అంది. ఆ రోజు ఆమె మళ్ళీ చాట ముట్టలేదు. బిడ్డ నోటుబుక్కు తీయలేదు. తిట్టినా బాగుండేదని రెండు రోజులు ఇంట్లో తిరిగాను. మొదటిసారి నిజం చెప్పినందుకు ఇదా నాకు దక్కేది అని ఉక్రోషం కూడా వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె తమ్ముడి ఫోన్ వచ్చింది. ఆమె ఫోన్‌ను చాప మధ్యలో పెట్టి స్పీకర్ వేసింది. ఎట్లున్నవ్ రా అని అడిగింది.

"మంచిగున్న అక్కా. నాకేంది, మస్తుంది," అని నవ్వాడు. నేను తొమ్మిదేళ్ళు నవ్విన నవ్వే అది. ఇంత కాలం వాళ్ళు ఈ నవ్వును ఎట్లా నమ్మారో నాకు అర్థం కాలేదు. నా భార్య ఫోన్ నా వైపు జరిపింది.

"తమ్మీ, బట్టలు యాడ ఆరేస్తున్నవ్?" అన్నాను.

"అదేంది బావా, గట్లడుగుతున్నవ్?"

"యాడ ఆరేస్తున్నవ్ చెప్పు."

"పైమంచం కడ్డీ మీద."

"నీళ్ళ బండి ఎన్నొద్దులకోసారి వస్తది?"

"నాలుగొద్దులకు," అన్నాడు. నేనున్నప్పుడు రెండు రోజులకు వచ్చేది.

"జీతం?"

"అక్క పక్కన ఉన్నదా?" అన్నాడు.

"ఉన్నది. అన్నీ విన్నది. నువ్వు చెప్పు, వచ్చెయ్యాలంటె వచ్చెయ్. నేను చూసుకుంట."

వస్తానని గానీ రానని గానీ అంటాడని చూశాను. అతను వేరేది అడిగాడు, ఆ గొంతు కోపంగా లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుగా ఉంది.

"గిప్పుడు ఇన్ని అడుగుతున్నవ్ గదా బావా. నేను గూడ ఇంటికాడ ఉండి, రావచ్చునా అని నీకు ఫోన్ చేసిననాడు, నువ్వు గదే పైమంచం కింద పండి మాట్లాడినవ్. గప్పుడు నీ మీద పైమంచం బట్టల నీళ్ళు పడ్తలేకుండెనా?"